రెండు మెరుపుల మధ్య

వచ్చినప్పుడు ఒక మెరుపు. పోయేటప్పుడు ఇంకొకటి. ఆ రెంటి మధ్యా ఎంతసేపు? ఫిజిక్స్ విద్యార్థులు వారం రోజులు కాపలా కాసి తేల్చే సంగతి అది. జవాబు... సెకనులో పది లక్షల వంతులు ఓ రెండు!

గదిలో లైట్లన్నీ ఆర్పేశారు. బల్లమీద పాలక్యానంత డబ్బా. దాని ఒంటినిండా నల్లటేపు. ఓ అమ్మాయి చిన్న టార్చిలైటు పట్టుకుని టేపు అతుకుల వెంట మెల్లగా తిప్పుతోంది. పక్కన కూర్చున్న కుర్రాడి కళ్లు కౌంటర్ మీదే ఉన్నాయి. సెకనుకి ఐదు... ఆరు... ఐదు. టార్చి డబ్బా మెడ దగ్గరికి వచ్చేసరికి అంకె ఒక్కసారిగా వేలల్లోకి గెంతింది. 'దొరికింది!' అన్నాడు. అక్కడ ఇంకో ముక్క టేపు పడింది.

సైకిల్ ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి, బుడగ ఎక్కణ్నుంచి వస్తుందా అని చూసే పంక్చర్ షాపు పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. కాకపోతే అక్కడ వెతికేది గాలి బయటికి పోయే చిల్లు. ఇక్కడ వెలుతురు లోపలికొచ్చే చిల్లు. మ్యువాన్ ప్రయోగం పెట్టిన ఏ యూనివర్సిటీ ల్యాబుకెళ్లినా మొదటిరోజు కనిపించే దృశ్యమిది. ఆకాశం నుంచి వచ్చే కణాల ఆయుర్దాయాన్ని కొలిచే పని ఇలా టేపు ముక్కలతో మొదలవుతుందంటే కొత్తగా చేరిన పిల్లలకు కాస్త నిరాశగానే ఉంటుంది. కానీ ఈ ప్రయోగంలో సగం చదువు ఆ టేపులోనే ఉంది.

ఇంతకీ ఎవరీ అతిథి?

మ్యువాన్‌ను ఎలక్ట్రాన్‌కి అన్నగారనుకోవచ్చు. చార్జి అంతే. బరువు మాత్రం సుమారు 207 రెట్లు. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ప్రోటాన్లు మనకు ఓ 15 కిలోమీటర్ల ఎత్తులో గాలిని గుద్దుకుంటాయి. ఆ గుద్దుడుకి పుట్టే కణాలు విరిగి మ్యువాన్లవుతాయి. నేలమీద అరచెయ్యి చాచి నించుంటే సెకనుకి ఒకటో రెండో దాన్ని తొలుచుకుని పోతూనే ఉంటాయి. మనకేమీ తెలీదు. పైకప్పూ అంతే, అడ్డు చెప్పదు.

1936లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్, సేథ్ నెడ్డర్‌మేయర్ దీన్ని బయటపెట్టినప్పుడు శాస్త్రవేత్తలు సంతోషించడానికి బదులు తలలు పట్టుకున్నారు. అప్పటి సిద్ధాంతాల్లో దీనికి చోటే లేదు మరి. హోటల్లో మనం చెప్పని ప్లేటు తెచ్చి బల్లమీద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది పరిస్థితి. 'దీన్నెవరు ఆర్డరిచ్చారు?' అని నోబెల్ గ్రహీత ఇసిడోర్ రబీ చమత్కరించాడని ఫిజిక్స్ క్లాసుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ అతిథి ఎక్కువసేపు ఉండదు. కొద్ది మైక్రోసెకన్లలో ఓ ఎలక్ట్రాన్‌నీ, రెండు న్యూట్రినోలనూ వదిలి మాయమైపోతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. అంత చిన్న జీవితాన్ని, అదీ కంటికి కనిపించనిదాన్ని కొలిచేదెలా?

ప్లాస్టిక్ దిమ్మలో మిణుగురు

నల్లటేపు విప్పితే లోపల అల్యూమినియం కవచం. దానిలో అద్దంలా మెరిసే ప్లాస్టిక్ దిమ్మ. మామూలు ప్లాస్టిక్ కాదు. రంగులేని ఆ పదార్థంలో కొన్ని ప్రత్యేక రసాయనాలు కలుపుతారు. చార్జి ఉన్న కణం ఏదైనా దానిలోంచి వెళ్తే, ఆ దారి పొడుగునా నీలిరంగు వెలుగు ఓ క్షణం మిణుకుమంటుంది. క్షణమనడం కూడా ఎక్కువే. సెకనుని వందకోట్ల ముక్కలు చేస్తే అందులో రెండో మూడో ముక్కలంతసేపు. ఈ ప్లాస్టిక్‌నే సింటిలేటర్ అంటారు.

మెరుపుల్ని లెక్కపెట్టడం కొత్త విద్యేం కాదు. 1909లో మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి హాన్స్ గైగర్‌తో కలిసి చీకటిగదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద మెరుపుల్ని మైక్రోస్కోపులోంచి కంటితోనే లెక్కపెట్టాడు. అణువు మధ్యలో కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ తేల్చింది ఆ లెక్కల ఆధారంగానే. ఇప్పుడు కంటికి ఆ శ్రమ లేదు. దాని బదులు ఫొటోమల్టిప్లయర్ ట్యూబు ఉంది.

దీని పనితనం చూడాల్సిందే. దిమ్మలో పుట్టిన వెలుగులో కొద్ది భాగమే ట్యూబు ముఖం దాకా చేరుతుంది. అందులోనూ సుమారు నాలుగో వంతు మాత్రమే ఎలక్ట్రాన్లను బయటికి లాగగలుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లను వోల్టేజి ఒత్తిడితో ఒక లోహపు రేకు మీదికి తోస్తారు. ఒక్కోటీ అక్కడ మూడు నాలుగింటిని రాలగొడుతుంది. అవన్నీ రెండో రేకు మీదికి. అక్కణ్నుంచి మూడో రేకు... ఇలా పది మెట్లు దిగేసరికి ఒక ఎలక్ట్రాన్ పది లక్షలవుతుంది! అప్పటికిగానీ కేబుల్ చివర కొన్ని పదుల మిల్లీవోల్టుల చిన్న కుదుపు కనిపించదు. ఓసిలోస్కోప్ తెరమీద అది కిందికి దిగిన ముల్లులా ఉంటుంది. అదే మ్యువాన్ సంతకం.

అదే సంతకమని ఎలా నమ్మడం? అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది.

గడప ఎంత ఎత్తుండాలి?

ట్యూబు చీకట్లో కూడా ఊరుకోదు. వేడికి తనంతట తానే ఎలక్ట్రాన్లను విదిలిస్తుంటుంది. గోడల్లోని సిమెంటులో, ఇటుకలో ఉండే సహజ రేడియోధార్మికత వల్ల ఇంకొన్ని చిన్న మెరుపులొస్తాయి. ఎవరో పక్కగదిలో మోటారు స్విచ్చి వేస్తే కేబుల్‌లో మరో కుదుపు. వీటన్నిటిలోంచి మ్యువాన్‌ను ఏరడానికి వాడేది డిస్క్రిమినేటర్ అనే సర్క్యూటు. ఇంత ఎత్తు దాటిన సిగ్నల్‌నే లోపలికి రానిస్తా, లేకపోతే గుమ్మం బయటే ఉండమంటుంది. ఆ ఎత్తుని థ్రెషోల్డ్ అంటారు. అచ్చ తెలుగులో చెప్పాలంటే గడప.

గడప మరీ తక్కువ పెడితే చెత్తంతా లోపలికొస్తుంది. పోనీ అని ఎత్తు పెంచేస్తే ఇంకో చిక్కు. ఈ ప్రయోగానికి కావాల్సింది ఒక మెరుపు కాదు, రెండు. మ్యువాన్ దిమ్మలోకొచ్చి ఆగిపోయినప్పుడు మొదటిది. అది చచ్చిపోతూ ఎలక్ట్రాన్‌ని విసిరినప్పుడు రెండోది. ఆ ఎలక్ట్రాన్ దిమ్మ అంచునుంచి బయటికి జారిపోతే రెండో మెరుపు చాలా చిన్నదిగా ఉంటుంది. ఎత్తుగడప దగ్గర అది తన్నుకు పడిపోతుంది. అందుకే ఎవరికి వాళ్లు గడపని కొంచెం కొంచెంగా జరుపుతూ, ప్రతిసారీ లెక్క ఎలా మారుతోందో రాసుకుని, ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి. ఈ అంకె ఏ గైడులోనూ దొరకదు. ప్రతి ట్యూబుకీ ఒక్కో స్వభావం.

దొంగ మెరుపుల సంగతి చెప్పుకోకపోతే ఈ కథ పూర్తికాదు. కేబుల్ చివర 50 ఓమ్‌ల చిన్న మూత బిగించడం మర్చిపోయారనుకోండి. సిగ్నల్ అక్కడిదాకా వెళ్లి, గోడకి కొట్టిన బంతిలా వెనక్కి తిరిగొస్తుంది. కేబుల్ పొడవు మీటరుకి 10 నానోసెకన్ల లెక్కన ఆలస్యంగా రెండో ముల్లు కనిపిస్తుంది. చూసేవాళ్లకి అబ్బో, మ్యువాన్ ఎంత త్వరగా చచ్చిపోయిందో అనిపిస్తుంది. ట్యూబులో మిగిలిపోయిన రవ్వంత గాలి కూడా మోసం చేస్తుంది. అసలు సిగ్నల్ వెళ్లిపోయాక కాసేపటికి దాని నీడలాంటి ఇంకో సిగ్నల్ పుట్టిస్తుంది. ఇలాంటివాటిని పట్టుకోవడానికి పరికరం లోపలే ఓ చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టి, తెలిసిన వ్యవధిలో రెండుసార్లు వెలిగించి, గడియారం సరిగ్గానే చెబుతోందా అని పరీక్షిస్తారు.

ఆ గడియారం కథా చిత్రమైనదే. అమెరికాలోని డాలస్‌లో సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి చెందిన థామస్ కోన్, జింగ్బో యే 2000వ దశకంలో విద్యార్థుల కోసం రూపొందించిన పరికరంలో అది 20 నానోసెకన్లకోసారి టిక్కుమంటుంది. మొదటి మెరుపు రాగానే లెక్క మొదలు. 20 మైక్రోసెకన్లలోపు రెండోది వస్తే ఆ అంకె కంప్యూటర్‌కి వెళ్తుంది. రాకపోతే మ్యువాన్ ఆగకుండా దిమ్మలోంచి వెళ్లిపోయిందన్నమాట. మళ్లీ సున్నా. సెకనుకి ఐదారు మెరుపులొచ్చినా, దిమ్మలోనే ఆగి చచ్చిపోయే మ్యువాన్ నిమిషానికి ఒకటి దొరికితే గొప్ప.

ఇక్కడ తెలివైన పిల్లలు ఓ ప్రశ్న వేస్తారు. 'సార్, అదెప్పుడో 15 కిలోమీటర్ల పైన పుట్టింది కదా. మనం దాని వయసు ఇక్కడికొచ్చాక లెక్కపెట్టడమేంటి?' అని. మంచి ప్రశ్న. బొమ్మా బొరుసా ఆడుతూ వరసగా పదిసార్లు బొమ్మ పడ్డవాడికి పదకొండోసారి బొరుసు పడే అవకాశం పెరగదు. మొదటిసారి ఎంతో అప్పుడూ అంతే. మ్యువాన్ చావు కూడా అలాంటి ఆటే. దానికి ముసలితనం లేదు. ఇప్పుడే పుట్టినదానికీ, ఎంతో దూరం నుంచి వచ్చినదానికీ ముందున్న సగటు ఆయుష్షు ఒక్కటే. కాబట్టి గడియారాన్ని ఎప్పుడు మొదలుపెట్టినా ఫర్వాలేదు.

ఈ కొలతను కచ్చితంగా చేసిన తొలివాళ్లలో ఒకరు కూడా విద్యార్థే. ఇటలీలో యూదులకు వ్యతిరేకంగా వచ్చిన చట్టాల వల్ల 1938లో ఉద్యోగం పోగొట్టుకున్న బ్రూనో రోసీ అమెరికా చేరుకున్నాడు. కార్నెల్ యూనివర్సిటీలో తన పరిశోధక విద్యార్థి నోరిస్ నెరెసన్‌తో కలిసి 1942, 43 సంవత్సరాల్లో ఈ పని పట్టుకున్నాడు. అప్పటికి ఇలాంటి కంప్యూటర్లెక్కడివి? రెండు సిగ్నళ్ల మధ్య కాలాన్ని వోల్టేజిగా మార్చే సర్క్యూటును వాక్యూం ట్యూబులతో తయారుచేసుకున్నారు. కాలం ఎక్కువైతే వోల్టేజి ఎక్కువ. వాళ్లకొచ్చిన జవాబు 2.15 మైక్రోసెకన్లు. అటో ఇటో 0.07. యుద్ధం రోజుల్లో, ఆ పరికరాలతో! నేటి విలువ 2.197. స్విట్జర్లాండ్‌లో 170 జతల సింటిలేటర్ పలకలను బంతిలా పేర్చి, లక్ష కోట్లకు పైగా మ్యువాన్ల చావులను లెక్కపెట్టి దీన్ని తేల్చారు.

కాంతి వేగంతో పోయినా 2.2 మైక్రోసెకన్లలో దాటగలిగేది 660 మీటర్లే. మరి 15 కిలోమీటర్లు దిగి మన అరచేతిదాకా ఎలా వస్తున్నాయి? వేగంగా పోయేవాటికి కాలం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. ఈ కణాల చావుతోనే ఆ సంగతి రుజువవుతుందని 1938లోనే రాసినవాడు హోమీ భాభా. 1963లో డేవిడ్ ఫ్రిష్, జేమ్స్ స్మిత్ ప్లాస్టిక్ సింటిలేటర్‌తోనే దీన్ని విద్యార్థులకు కళ్లకు కట్టి చూపించారు. 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ మీద గంటకి 563 మ్యువాన్లు ఆగాయి. కింద కేంబ్రిడ్జ్‌లో 408. ఐన్‌స్టీన్ చెప్పింది తప్పయితే కిందికి వచ్చేవి పాతికో ముప్ఫయ్యో ఉండాలి!

మన బంగారు గనిలో

మనకు మరీ దగ్గర్లోనూ ఇలాంటి మెరుపుల కోసం కాపు కాశారు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే కోలార్ బంగారు గనుల్లో. తమిళులతో పాటు తెలుగు కుటుంబాలెన్నో తరాల తరబడి చెమటోడ్చిన చోటు అది. భూమిలోకి దిగేకొద్దీ మ్యువాన్లు తగ్గిపోతాయి. సుమారు 2.3 కిలోమీటర్ల లోతుకెళ్తే దాదాపు లేవన్నట్టే. అక్కడ ప్లాస్టిక్ సింటిలేటర్లు, నియాన్ గొట్టాలు నిలబెట్టి 1965లో భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు కాపలా కాశారు. అడ్డంగా దూసుకొచ్చిన ఓ మ్యువాన్ మెరిసింది. అంత రాతిని దాటి అడ్డంగా పైనుంచి రావడం అసాధ్యం. ఏదో న్యూట్రినో ఆ పక్క రాతిలోనే దాన్ని పుట్టించి ఉండాలి. వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడను ప్రపంచంలో తొలిసారి పట్టుకున్న సందర్భాల్లో అదొకటి. ఆ పరిశోధన పత్రం మీద ఎం.జి.కె.మీనన్, బి.వి.శ్రీకంఠన్‌లతో పాటు పి.వి.రమణమూర్తి, వి.ఎస్.నరసింహం పేర్లూ ఉన్నాయి. గనులు 2001లో మూతపడ్డాయి. మెరుపు, ట్యూబు, గడప... కాలేజీ బల్లమీది డబ్బాలో ఉన్నదీ ఆ గనిలో ఉన్నదీ ఒకే విద్య.

మళ్లీ ఆ డబ్బా దగ్గరికొద్దాం. శుక్రవారం సాయంత్రం వదిలేసి వెళ్లి సోమవారం చూస్తే కంప్యూటర్‌లో నాలుగు వేల దాకా అంకెలుంటాయి. వాటిని గ్రాఫు గీస్తే ఎడమవైపు ఎత్తుగా మొదలై కుడివైపు జారుబల్లలా దిగుతుంది. చివర్లో నేలబారుగా మిగిలేది కాకతాళీయంగా జతకట్టిన వేర్వేరు మ్యువాన్ల లెక్క. దాన్ని తీసేసి, వంపుని బట్టి ఆయుర్దాయం కడతారు. జవాబు వస్తుంది. 2.12.

పిల్లల మొహాలు వాడిపోతాయి. పుస్తకంలో 2.197 ఉంది మరి!

మన ప్రాక్టికల్ రికార్డుల సంగతి తెలియనిదెవరికి? లఘులోలకం ఊగినా ఊగకపోయినా గురుత్వ త్వరణం 980 రావాల్సిందే. రాకపోతే వెనకనుంచి లెక్కకట్టి రీడింగులు 'వండే' కళలో మనవాళ్లు ఇంటర్‌లోనే ఆరితేరతారు. మార్కులు జవాబుకి పడతాయిగానీ కొలతకి పడవని వాళ్లకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. మ్యువాన్ దగ్గరా ఆ చెయ్యి తిరుగుతుంది. గడపని కాస్త పెంచి, గ్రాఫు మొదట్లో నాలుగు గడులు కొట్టేసి, వంపుని ఎక్కడో ఓ చోట లాగితే 2.19 తెప్పించడం పెద్ద కష్టం కాదు. తెప్పించినవాళ్లూ ఉంటారు.

అలా చేసినవాళ్లు పోగొట్టుకునేది చిన్నదేం కాదు. ఎందుకంటే 2.12 తప్పు కాదు! ఆకాశం నుంచి వచ్చే మ్యువాన్లలో పాజిటివ్, నెగెటివ్ రెండు రకాలూ ఉంటాయి. పాజిటివ్‌వి కొంచెం ఎక్కువ. అవి ప్లాస్టిక్‌లో ఆగి, తమ ఆయుష్షు పూర్తిగా తీరాకే పోతాయి. నెగెటివ్ మ్యువాన్ అలా కాదు. ప్లాస్టిక్‌లోని కార్బన్ కేంద్రకం దాన్ని తన చుట్టూ తిప్పుకుంటుంది. కొన్నిటిని ఏకంగా మింగేస్తుంది. అందుకే కార్బన్‌లో వాటి సగటు ఆయుష్షు 2.03 మైక్రోసెకన్ల దగ్గరే ఆగిపోతుంది. రెండూ కలిసిన గుంపుని కొలిస్తే 2.12కి అటూ ఇటూగా రావాలి. పుస్తకంలోని 2.197 ఒంటరి మ్యువాన్‌ది. డబ్బాలోది కార్బన్ మధ్య చిక్కుకున్న మ్యువాన్ల సగటు. వండని రీడింగు ఆ కార్బన్ కేంద్రకాన్ని కూడా చూపించిందన్నమాట.

అయితే ఈ తేడా కనబడాలంటే ఓపిక ఉండాలి. లెక్కలో పొరపాటు ఎంతుండొచ్చనేది అంకెల సంఖ్యకు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఒక్క రాత్రి నడిపితే ఏడొందల అంకెలు. పొరపాటు దాదాపు నాలుగు శాతం. అంటే 0.08. సరిగ్గా 2.12కీ 2.197కీ ఉన్న తేడా అంత. ఆ జవాబుతో ఎటూ చెప్పలేం. వారం నడిపితే పది వేలు. పొరపాటు ఒక్క శాతానికి, అంటే 0.02కి దిగుతుంది. అప్పుడు 2.12 అన్నది గట్టిగా నిలబడుతుంది. వారం రోజులు కరెంటు పోకూడదు, ఎవరూ టేబుల్ కదపకూడదు, గది ఊడ్చేవాళ్లు ప్లగ్గు పీకకూడదు. చాలా ల్యాబుల్లో 'ముట్టుకోవద్దు' అని రాసిన కాగితం ఈ పరికరంలో ముఖ్యమైన భాగం!

ఇప్పుడు వెయ్యి వోల్టుల ట్యూబు కూడా అక్కర్లేని రోజులొచ్చాయి. గోరంత సిలికాన్ చిప్పు 30 వోల్టులతో అదే పని చేసిపెడుతోంది. 2017లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్పెన్సర్ అక్సానీ, జానెట్ కాన్రాడ్ బృందం పోలెండ్ శాస్త్రవేత్తలతో కలిసి 'కాస్మిక్‌వాచ్' అనే బుల్లి డిటెక్టర్‌ను విద్యార్థుల ముందు పెట్టింది. ఐదు సెంటీమీటర్ల ప్లాస్టిక్ పలక, ఓ చిప్పు, ఆర్డ్యునో బోర్డు. ఖర్చు దాదాపు వంద డాలర్లు. కానీ దాంట్లోనూ గోడల రేడియోధార్మికత దూరి మోసం చేస్తుంది. అందుకని ఒకదాని మీద ఒకటి రెండు పలకలు పెట్టి, రెండూ ఒకేసారి మెరిస్తేనే మ్యువాన్ కింద లెక్క కడతారు. రోసీ 1930లో మూడు కౌంటర్లకు కట్టి చూపిన ఉపాయమే ఇది. ఆ పలకకీ నల్లటేపు చుట్టాల్సిందే.

ల్యాబులో వారం గడిచింది. అమ్మాయి రికార్డులో 2.12 అని రాసి, పక్కన 0.02 అటో ఇటో అని చేర్చింది. కింద కార్బన్ గురించి అరపేజీ. కుర్రాడు హైవోల్టేజి సప్లై సున్నాకి తగ్గించి స్విచ్ ఆపాడు. కేబుల్ చివరున్న 50 ఓమ్‌ల మూత విప్పి డ్రాయర్‌లో పెట్టాడు. డబ్బా మెడ దగ్గర టేపు మళ్లీ ఊడొస్తోంది. వచ్చే బ్యాచ్‌కి కూడా టార్చిలైటు తప్పదు.